రంగు చేపల వర్తకం - మన కర్తవ్యం

సముద్రాన్ని మన పెద్దలు రత్నాకరమని పిలిచారు. ఆ రత్నాలలో ముత్యం, పగడం, శంఖం వారికి తెలుసు. ఈ కాలపు వర్తకుడు ఆ జాబితాలో మరొక రత్నాన్ని చేర్చాడు. అది ప్రాణంతో ఈదుతుంది. గాజు తొట్టిలో దీపకాంతికి మిలమిల మెరుస్తుంది. శ్రీమంతుల హాలుకు, హోటలు వాకిటికి, వైద్యుని నిరీక్షణ గదికి శోభనిస్తుంది. శాస్త్రజ్ఞులు దానిని అలంకార మత్స్యమంటారు. మన బజారు రంగు చేప అంటుంది. 1933లో ఓడరేవును, 1976లో చేపల రేవును, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారాన్ని పొందిన మన విశాఖ, సముద్రాన్ని నమ్ముకొని పెరిగిన నగరం. ఇట్టి నగరంలో చదువుకుంటున్న మేము ఈ వర్తకాన్ని గూర్చి నాలుగు మాటలు చెప్పదలచాము. అందుకు మాకు ఒక కారణం కలదు.

జంతుశాస్త్ర విభాగంలో ఒక ఉప్పునీటి చేపల తొట్టి ఏర్పాటు చేయాలని మా మిత్రబృందం సంకల్పించింది. తలా కొంత చందా వేసుకున్నాము. నగరంలోని ఒక దుకాణం నుండి నారింజ రంగుపై తెల్లని పట్టీలు గల క్లౌన్ చేపలు రెండు, నీలమణి వలె మెరిసే డామ్సెల్ చేపలు మూడు తెచ్చాము. సాగర తీరం నుండి బిందెలతో నీరు మోసుకొని వచ్చి, వడగట్టి నింపాము. మొదటి వారం తొట్టి ముందు నిలబడడానికి చోటు దొరకలేదు. పన్నెండవ రోజు ఉదయానికి తొట్టిలో ప్రాణమున్నది ఒక్కటే మిగిలింది. సాయంత్రానికి అదీ పోయింది. "ఈ చేపలు ఎక్కడ పట్టినవి?" అని దుకాణదారుని అడిగితే, "మద్రాసు నుంచి వచ్చాయి బాబూ" అన్నాడు. మద్రాసుకు ఎక్కడి నుండి వచ్చినవో అతనికి తెలియదు. అతని తప్పు ఇందులో కొంచెమే. తెలుసుకోవాలని మాకూ అంతవరకు తోచలేదు కదా!

ఆనాడు, జాలరిపేట నుండి చదువుకోవడానికి వచ్చే మా మిత్రుడొకడు ఆ తొట్టిని చూసి అన్న మాట మా మనసులలో ముల్లై నాటుకున్నది. "మా నాయన చేపను చంపి తెస్తాడు, దాంతో పది నోళ్ళు నిండుతాయి. మీరు బతికించి తెచ్చి చంపారు. ఎవరి నోరు నిండింది?" అన్నాడు. మేము సమాధానం చెప్పలేకపోయాము. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు సమాధానం వెదుకుటకు చేసిన ప్రయత్నమే.

చేపలను తొట్లలో పెంచే వినోదం కొత్తది కాదు. అయితే మంచినీటి చేపకు, ఉప్పునీటి చేపకు భేదం కలదు. గోల్డ్ ఫిష్, గప్పీ వంటి మంచినీటి రకాలు అధిక భాగం చెరువులలో, సిమెంటు తొట్లలో పెంచబడుతున్నవి. చెన్నైలోని కొళత్తూరు, మన దేశంలో కలకత్తా పరిసరాలు ఈ సాగుకు పేరొందినవి. సముద్రపు రంగు చేప కథ వేరు. అది చాలావరకు పగడపు దిబ్బల మధ్య పుట్టి, అక్కడే పట్టుబడి, ప్లాస్టిక్ సంచిలో ప్రాణవాయువు నింపుకొని విమానమెక్కుతుంది. ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమానికి చెందిన ప్రపంచ పరిరక్షణ పర్యవేక్షణ కేంద్రం 2003లో ప్రకటించిన నివేదికను బట్టి, ఏటా రెండు కోట్లకు పైగా సముద్రపు అలంకార చేపలు చేతులు మారుచున్నవి. అవి 1,471 జాతులకు చెందినవి. వాటికి తోడు కోటికి మించిన సజీవ పగడపు ముక్కలు. మొత్తం వర్తకం విలువ ఏటా 20 కోట్ల నుండి 33 కోట్ల డాలర్లు ఉండునని ఆనాటి అంచనా.

ఆ నివేదికలోనే ఆలోచింపదగిన మరొక లెక్క కలదు. 2000 సంవత్సరంలో మాల్దీవుల నుండి ఎగుమతి అయిన రంగు చేపలు కిలో ఒక్కింటికి దాదాపు 500 డాలర్లు పలికితే, ఆహారానికై పట్టిన దిబ్బ చేపలు కిలో 6 డాలర్లు మాత్రమే పలికినవి. ఈ లెక్కను రెండు విధాల చదువవచ్చు. తక్కువ చేపలు పట్టి ఎక్కువ సంపాదించవచ్చునని ఆశావాది అంటాడు. ఇంత విలువ గల సరుకును ఎవడు మిగుల్చుతాడని నిరాశావాది అంటాడు. ఇద్దరి మాటలోనూ నిజమున్నది. ఏది గెలుస్తుందన్నది పట్టే పద్ధతి మీద, ఆ సొమ్ము ఎవరి చేతికి చేరుతున్నదన్న దాని మీద ఆధారపడుతుంది.

పట్టే పద్ధతిని ముందు చూద్దాము. ఓర్పు గల ఈతగాడు చిన్న చేతివలతో చేపను నొప్పించకుండా పట్టగలడు. కాని 1960 దశకం నుండి ఫిలిప్పీన్సులో, అటుపై ఇండోనేషియాలో సయనైడు వాడకం ప్రబలింది. పగడాల సందులలో దాగిన చేపపై సయనైడు కలిపిన నీటిని చిమ్మితే అది మత్తెక్కి తేలుతుంది. పట్టుట సులభం. ఆ విషం చుట్టునున్న పగడపు జీవులను, చిన్న పురుగులను కూడ చంపుతుంది. మత్తు వదిలిన చేప పైకి ఆరోగ్యంగానే కనబడుతుంది. లోపలి అవయవాలు చెడి, ఎక్కడో దూరదేశంలో, కొన్నవాని ఇంట కొద్దివారాలకు కన్నుమూస్తుంది. కొన్నవాడు నీరు బాగులేదనుకొని మరొక చేపను కొంటాడు. ఆ మరణం ఆ విధంగా మరొక అమ్మకానికి దారితీస్తుంది. సంచిలో చేప విడిచే మలినాల వల్ల నీటిలో అమ్మోనియా పెరుగుట, వేడిమి మారుట మొదలైన ప్రయాణ క్లేశాలు దీనికి అదనం. మా తొట్టిలోని చేపలు విషం వల్ల పోయినవో, ప్రయాణం వల్ల పోయినవో, మా అజ్ఞానం వల్ల పోయినవో మేము చెప్పలేము. కొత్త తొట్టిలో మలినాన్ని శుద్ధి చేసే సూక్ష్మజీవులు పెరుగుటకు కొన్ని వారాలు పడుతుందని, అంతవరకు చేపను వదలరాదని మాకు ఆలస్యంగా తెలిసింది. అందుచేత నేరంలో మా వాటా తక్కువ కాదని ఒప్పుకొనక తప్పదు.

మన దేశపు చట్టం ఈ విషయంలో నిద్రపోలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో 2001వ సంవత్సరంలో దిబ్బలు కట్టే పగడపు జీవులను, సముద్రపు విసనకర్రలను, సముద్రపు గుర్రాలను, వాటి బంధువులైన గొట్టపు చేపలను చేర్చారు. 2022 సవరణ తరువాత కూడ ఆ జీవులకు చట్టరక్షణ నిలిచే ఉన్నది. అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం సముద్రపు గుర్రాల వర్తకంపై 2004 నుండి ప్రపంచమంతటా నియంత్రణ కలదు. కావున తొట్టిలో పెట్టడానికి సజీవ పగడాన్ని గాని, సముద్రపు గుర్రాన్ని గాని మన తీరంలో పట్టి అమ్ముట నేరం. తెలిసి కొనుట కూడ నేరమే. సముద్రపు ఒడ్డున గుల్లలమ్మే బండి వద్ద తెల్లని పగడపు కొమ్మను ముచ్చటపడి బేరమాడే యాత్రికులకు ఈ సంగతి తెలియదు. తెలియజెప్పవలసిన వారు చదువుకున్నవారే.

ఇక్కడ ఒక న్యాయమైన మాట చెప్పాలి. సముద్రానికి జరుగుతున్న కీడంతా రంగు చేపల వర్తకం నెత్తిన రుద్దుట ధర్మం కాదు. వేడెక్కుతున్న నీటి వల్ల 1998లో, 2016లో, తిరిగి 2023-24లో ప్రపంచపు పగడపు దిబ్బలు విస్తారంగా పాలిపోయినవి. నిషేధం ఉన్నప్పటికీ సముద్రపు గుర్రాలు అడుగును ఈడ్చే మరబోట్ల వలలలో పడి చస్తూనే ఉన్నవి. నగరాల మురికినీరు, కర్మాగారాల వ్యర్థాలు చేసే హాని మన విశాఖవాసులకు వేరే చెప్పనక్కరలేదు. పెద్ద దొంగలున్నారు గనుక చిన్న దొంగను విడిచిపెట్టుమని మేము అనము. అయితే వాతావరణాన్ని మార్చుట మా చేతిలో లేదు; మా తొట్టిలోకి ఏ చేప రావాలన్నది మా చేతిలోనే ఉన్నది.

ఈ వర్తకం క్రమంగా రూపు మారుతున్నది. పట్టుటకు బదులు పెంచుట సాధ్యమని హేచరీలు నిరూపించాయి. క్లౌన్ చేప ఇందుకు మిక్కిలి అనుకూలమైనది. అది ఎనిమోన్ అనే పూవు వంటి జీవి ప్రక్కన రాతిపై గుడ్లు పెడుతుంది. మగ చేప ఆ గుడ్లను విసరుతూ, శుభ్రపరుస్తూ కావలి కాస్తుంది. సుమారు వారం రోజులకు రాత్రివేళ పిల్లలు బయటపడతాయి. వాటికి మొదట రోటిఫర్ అనే కంటికానని జీవులను, తరువాత ఆర్టీమియాను మేతగా ఇస్తారు. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ మండపంలోను, విళింజంలోను క్లౌన్ చేపలను, పలు డామ్సెల్ రకాలను హేచరీలో పెంచే విధానాన్ని సాధించింది. లక్షద్వీపంలోని అగత్తి దీవిలో జాతీయ మత్స్య జన్యు వనరుల సంస్థ చేయూతతో స్త్రీలు అలంకార రొయ్యలను ఇళ్ళ వద్దనే పెంచుచున్నారు. అన్ని చేపలూ క్లౌన్ చేప వలె లొంగవు. పసుపు టాంగ్ చేప గుడ్లను నీటిలో విడిచిపెడుతుంది. అవి తేలిపోతాయి. పొదిగిన పిల్లల నోరు ఎంత చిన్నదంటే వాటికి తగిన మేత దొరకుటే కష్టం. హవాయిలోని ఓషియానిక్ ఇన్‌స్టిట్యూట్ వారు ఏళ్ళ తరబడి శ్రమించి 2015లో గాని దానిని పెంచలేకపోయారు. రెండేళ్ళు తిరిగేసరికి, 2017లో, పర్యావరణ పరిశీలన లేకుండా సముద్రంలో చేపలు పట్టే అనుమతులు చెల్లవని ఆ రాష్ట్రపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఒకవైపు శాస్త్రం తలుపు తెరిచింది. మరొకవైపు చట్టం తలుపు మూసింది. వర్తకం దారి మార్చుకొనక తప్పలేదు.

ఇదంతా ఎక్కడో దూరపు కథ అని విశాఖవాసి అనుకోరాదు. ఇటువంటి మార్పు మన తీరంలో మన పెద్దల కళ్ళ ముందే జరిగింది. 1980 దశకంలో కోస్తా జిల్లాలలో టైగర్ రొయ్యల సాగు విస్తరించిన తొలినాళ్ళలో, చెరువులలో వదలుటకు రొయ్య పిల్లలను ఏటి మొగలలో, కాలువలలో చిన్న కన్నుల వలలతో పట్టేవారు. ఒక్క రొయ్య పిల్లను ఏరుకొని, వలలో పడిన తక్కిన చేప పిల్లలను గట్టున పారబోసేవారు. ఆ దశకపు చివర సముద్రోత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ విశాఖ తీరంలో టాస్పార్క్ అనే రొయ్య పిల్లల ఉత్పత్తి కేంద్రాన్ని నెలకొల్పింది. తరువాత భీమిలి దారి పొడవునా ప్రైవేటు హేచరీలు వెలసినవి. మొగలలో పిల్లలను పట్టే పని క్రమంగా తగ్గింది. కాని గుడ్లతో నిండిన తల్లి రొయ్యను మాత్రం సముద్రం నుండే తేవలసి వచ్చింది. మరబోటువారు దానిని పసిబిడ్డ వలె ప్రాణంతో ఒడ్డుకు చేర్చి మంచి ధరకు అమ్మేవారు. 1994-95లో తెల్లమచ్చల వ్యాధి వచ్చి చెరువులకు చెరువులు ఊడ్చిపెట్టింది. 2009 నుండి వెన్నామి రొయ్యకు అనుమతి లభించిన పిమ్మట తల్లి రొయ్యలు సైతం విదేశాలలోని వ్యాధిరహిత కేంద్రాల నుండి రాసాగినవి.

ఈ చరిత్ర నుండి మేము మూడు పాఠాలు నేర్చుకున్నాము. హేచరీ సముద్రం మీది భారాన్ని తగ్గించగలదన్నది మొదటిది. జీవులను కిక్కిరిసిన చోట, శుభ్రత లేక పెంచితే రోగం వచ్చి తీరునన్నది రెండవది. మూడవది మిక్కిలి ముఖ్యమైనది: పని సముద్రం నుండి తొట్టికి మారినప్పుడు, సముద్రాన్ని నమ్ముకొన్నవాడు వెనుకబడి, పెట్టుబడి గలవాడు ముందుకు పోయాడు. మొగలో వల వేసి రొయ్య పిల్లలు పట్టిన కుటుంబాలలో హేచరీకి యజమాని కాగలిగినవారు ఎందరు?

బ్రెజిల్ దేశంలో నీగ్రో నదీతీరాన గల బార్సెలోస్ ప్రాంతపు ప్రజలు తరతరాలుగా కార్డినల్ టెట్రా అనే మంచినీటి రంగు చేపను పట్టి జీవించారు. ఆ చేప ఉన్నంతవరకు అడవిని నరుకనక్కరలేదని వారి అనుభవం. ఆసియాలోని చెరువులలో అదే చేపను పెంచుట మొదలైన తరువాత వారి జీవనోపాధి కుంగిపోయింది. పెంచిన చేప ఎల్లప్పుడూ పుణ్యం, పట్టిన చేప ఎల్లప్పుడూ పాపం అని సూత్రం కట్టుట తగదని ఈ ఉదాహరణ చెప్పుచున్నది. చేతివలతో, హద్దు మీరక, తన దిబ్బను తానే కాపాడుకుంటూ పట్టే జాలరి సముద్రానికి శత్రువు కాడు.

అయితే విశాఖలో ఏమి చేయవచ్చు? మన తీరం పగడపు దిబ్బల తీరం కాదు, రాతి తీరం. రుషికొండ, యారాడ, భీమిలి ప్రాంతాలలో ఆటు సమయాన రాళ్ళ గుంటలలో చిన్న చిన్న చేపలు, ఎనిమోన్లు, పీతలు, నత్తలు చూడముచ్చటగా కనబడతాయి. వాటిని పట్టి వర్తకం చేయాలనే ఆలోచన ఎవరికి వచ్చినా దానిని ఆదిలోనే ఆపాలి. అది చిన్న సంపద. నాలుగు వారాంతాలలో ఖాళీ చేయవచ్చు. మనకున్న పెద్ద సంపద వేరు. సముద్రపు నీరు మన వాకిట ఉన్నది. హైదరాబాదువాడు, బెంగుళూరువాడు పొట్లంలోని ఉప్పు కలుపుకొని సముద్రాన్ని తయారుచేసుకుంటాడు. రొయ్య హేచరీలలో మూడు దశాబ్దాలకు పైగా రాటుదేలిన పనివారు మనకు ఉన్నారు. సముద్రపు గ్రూపరును, పొంపానోను హేచరీలో పుట్టించిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ విశాఖ కేంద్రం మన నగరంలోనే కలదు. సముద్ర జీవశాస్త్రంలో ఎన్నదగిన సంప్రదాయం గల ఆంధ్ర విశ్వవిద్యాలయం కలదు. సముద్రతీర రోడ్డులోని మత్స్యదర్శిని ముందు పిల్లలు చేతులు చాచి నిలబడే దృశ్యం మనందరికీ పరిచితమే. ఇన్ని ఉండి, క్లౌన్ చేప కోసం మనం మద్రాసు వైపు చూచుట శోచనీయం.

2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన అలంకార చేపల పెంపకానికి కూడ చేయూత ఉద్దేశించింది. ఇటువంటి సహాయం భీమిలి నుండి పూడిమడక వరకు గల మత్స్యకార పల్లెలకు, ముఖ్యంగా రేవులలో చేపలమ్మి సంసారాలు ఈదే స్త్రీల సంఘాలకు ముందుగా చేరాలని మా అభిప్రాయం. క్లౌన్ చేప పిల్లలను పెంచడానికి ఎకరాల భూమి అక్కరలేదు. వరుసగా పేర్చిన గాజు తొట్లు, శుభ్రమైన నీరు, నిలకడైన విద్యుత్తు, ఓర్పు గల చేతులు చాలును. గుడ్లు పొదిగించే కష్టమైన పని పరిశోధనా కేంద్రం చేసి, పిల్లలను అమ్మకానికి వచ్చేదాకా పెంచే పని పల్లెకు అప్పగించవచ్చు. మండపంలోను అగత్తిలోను కుదిరిన ఏర్పాటు మన పెద్దజాలరిపేటలో కుదరదనుటకు కారణం మాకు కనబడదు. ఆ పని శ్రీమంతుల హేచరీలకే దక్కితే రొయ్యల చరిత్ర తిరిగి వ్రాయబడుతుంది.

మరొక హెచ్చరిక కూడ అవసరం. తొట్టి విసుగెత్తినవాడు చేపను చంపలేక, జాలిపడి దగ్గరి నీటిలో వదులుతాడు. ఆ జాలి ఎంత ప్రమాదమో చెప్పుటకు మన బంగాళాఖాతంలోనూ కనబడే సింహపు చేప చాలును. 1985లో అమెరికాలోని ఫ్లోరిడా తీరాన మొదట కనబడిన ఆ చేప, అలంకార వర్తకం ద్వారా చేరినదిగా భావింపబడుచున్నది. ఈనాడు అది కరీబియన్ సముద్రమంతటా వ్యాపించి అక్కడి చేపపిల్లలను మింగుచున్నది. అంతదూరం పోనేల? తొట్టి గోడల పాచి తినుటకు తెచ్చిన సక్కర్ చేప మన ఆంధ్ర చెరువులలోకి, ఏరులలోకి చేరి, రాకాసి చేప అని తిట్లు తింటూ జాలరుల వలలు చింపుచున్నది. కొన్న చేపకు కడదాకా బాధ్యత వహింపలేనివాడు దానిని కొనరాదు.

సోదర విద్యార్థులారా! చివరగా మా తీర్మానాన్ని మీ ముందుంచుచున్నాము. మా జంతుశాస్త్ర విభాగపు తొట్టి ఇప్పటికీ ఖాళీగానే ఉన్నది. దానిని తిరిగి నింపుతాము. కాని ముందుగా నీటిని సిద్ధపరచి, సూక్ష్మజీవులు కుదురుకొనుటకు కావలసినన్ని వారాలు ఆగుతాము. హేచరీలో పుట్టినదని చెప్పగలిగిన చేపనే తెస్తాము. "ఎక్కడ పుట్టింది? ఎవరు పట్టారు? ఎలా పట్టారు?" అని మూడు ప్రశ్నలు అడుగకుండ రూపాయి ఇవ్వము. ఒక్క కొనుగోలుదారు అడిగితే దుకాణదారుడు నవ్వవచ్చు. వందమంది అడిగితే అతడు మద్రాసుకు ఫోను చేసి కనుక్కుంటాడు. చట్టం చేయలేని పని ఒక్కొక్కసారి బేరం చేస్తుంది.

మా కళాశాలలో ఉర్దూ, తెలుగు ఒకే వరండాలో వినబడతాయి. తిన్న ఉప్పును మరువరాదని తెలుగువాడంటే, ఆ మరువనివానికి నమక్‌హలాల్ అని ఉర్దూ పేరు పెట్టింది. విశాఖవాసులమైన మనం తిన్నది సముద్రపు ఉప్పు. ఓడలు తెచ్చిన సిరి, వలలు తెచ్చిన కూడు, కర్మాగారాలకు దారి చూపిన రేవు అన్నీ ఆ నీటి దయ. ఆ నీటిలోని ఒక చిన్న ప్రాణిని మన గదిలోకి ఆహ్వానించేటప్పుడు, అది ఎవరి ఇల్లు కూల్చి వచ్చిందో విచారించుట మన కనీస ధర్మం. జాలరిపేట మిత్రుని ప్రశ్నకు మేమింకా పూర్తి సమాధానం ఇవ్వలేదు. మన తొట్టిలోని చేప వాని వాడలోని ఒక తల్లి చేతిలో పెరిగి, ఆ సొమ్ముతో వారి నోళ్ళు నిండిన నాడు ఆ సమాధానం దానంతట అదే దొరుకుతుంది.